ముఖం సరే, ఆవిడ చేసిన పనేదీ?

నందలాల్ బోస్ 1930లో చెక్కిన "బాపూజీ" లినోకట్‌ని చూడని తెలుగువాళ్ళు తక్కువమంది ఉంటారు. చెక్కింది ఎవరో తెలియకపోవచ్చు. అది లినోలియం ముక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ అనీ తెలియకపోవచ్చు. కానీ బొమ్మ మాత్రం తెలుసు. నల్లటి నేపథ్యంలోంచి తెల్లటి గీతలుగా బయటికొచ్చే ఒక మనిషి, చేతిలో పొడుగాటి కర్ర, వేస్తున్న అడుగు. ముఖంలో వివరం చాలా కొద్ది. ముక్కూ చెవీ కొలిచి అది గాంధీ అని ఎవరూ పోల్చుకోరు. ఆ నడకని బట్టి పోల్చుకుంటారు. దండి యాత్ర మొత్తాన్నీ నందలాల్ ఒక్క అడుగులోకి దించాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ యాత్రకి ఎంచుకున్న బృందంలో గాంధీ ఆడవాళ్ళని చేర్చుకోలేదు. మే నెల మొదట్లో ఆయన అరెస్టయ్యాడు. ఆయన తరవాత పగ్గాలు పట్టిన అబ్బాస్ త్యాబ్జీ కూడా అరెస్టయ్యాడు. మే 21న ధరాసన ఉప్పు కొఠార్ల మీదికి సత్యాగ్రహుల్ని నడిపించింది సరోజినీ నాయుడు. వరసకి వరస ముందుకు వెళ్ళడం, లాఠీల కింద కూలిపోవడం, ఇంకో వరస కదలడం – ఆ రోజు జరిగినదాన్ని వెబ్ మిల్లర్ అనే అమెరికన్ విలేఖరి రాస్తే దేశదేశాల పత్రికలు అచ్చువేశాయి. అంటే ఉప్పు సత్యాగ్రహంలో బయటి ప్రపంచాన్ని కదిలించిన ఘట్టానికి నాయకురాలు ఒక స్త్రీ. పైగా మన హైదరాబాదు మనిషి. మరి ఆ నడకకి లినోకట్ ఏదీ? మనలో చాలామంది ఎరిగిన సరోజిని బొమ్మ 1964లో వచ్చిన తపాలా బిళ్ళ మీది ముఖం. ముఖం ఉంది, అడుగు లేదు.

నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది సిడ్నీలో. కళావిమర్శలో నాకు పట్టా ఏమీ లేదు. అచ్చు బొమ్మలంటే ఇష్టం, సెలవు రోజుల్లో లినో ముక్కలు చెక్కి చేతులు నల్లగా చేసుకోవడం అలవాటు, అంతే. కాకపోతే ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. రెండేళ్ళ కిందట ఇక్కడ మనవాళ్ళ ఆగస్టు పదిహేను సభ ఒకదానిలో, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన తెలుగు స్త్రీల బొమ్మలు పెద్ద సైజులో అచ్చు వేయించి గోడ పొడుగునా కట్టారు. మంచి ఆలోచన, శ్రమపడి చేసిన పని. కానీ అన్నీ ముఖాలే. పాపిడి తీసి దువ్విన జుట్టు, నుదుట బొట్టు, భుజం మీదుగా ఖద్దరు కొంగు, ఎటో దూరంగా చూస్తున్న కళ్ళు. ఆదివారం తెలుగు బడికి వచ్చే పిల్లవాడొకడు దుర్గాబాయి బొమ్మ ముందు నిలబడి, "ఈ ఆంటీ ఏం చేసింది తాతగారూ?" అని అడిగాడు. పక్కనున్న పెద్దాయన "ఫ్రీడమ్ ఫైటర్ నాన్నా" అన్నాడు. వాడు తరవాతి బొమ్మ చూపించి, "మరి ఈవిడ?" అన్నాడు. "ఈవిడ కూడానూ." మూడో బొమ్మ దగ్గర వాడు అడగడం మానేశాడు. పెద్దాయనని తప్పు పట్టలేం. బొమ్మలో లేనిది ఆయన మాత్రం ఎక్కణ్ణించి తెస్తాడు?

ఆ గోడ మీది బొమ్మలకి వంశవృక్షం గీస్తే రెండు మూలాలు కనిపిస్తాయి. ఒకటి తపాలా బిళ్ళ. మన దేశంలో చాలా ఎక్కువ ప్రతులు వేసిన అచ్చు బొమ్మల్లో అదొకటి కదా. భికాజీ కామా 1962లో, అనీ బెసెంట్ 1963లో, సరోజినీ, కస్తూర్బా 1964లో, మన దుర్గాబాయి 1982లో తపాలా బిళ్ళకెక్కారు. బొటనవేలంత చోటులో ముఖం కన్నా ఎక్కువ పట్టదు, నిజమే. కానీ ఆ చోటు కోసం పుట్టిన పద్ధతిని మూడడుగుల కాగితానికి కూడా అలాగే సాగదీయడం దేనికి? రెండోది రవివర్మ ప్రెస్సు నాటినుంచీ వస్తున్న దేవుళ్ళ పటాల సంప్రదాయం. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్సు లక్ష్మినీ సరస్వతినీ ఇంటింటి గోడకీ చేర్చింది. ఆ ముఖం మెల్లగా భారతమాత ముఖమయింది, తరవాత నాయకురాళ్ళ ముఖమూ అయింది. దేవత ఏమీ చేయనక్కరలేదు, ప్రసన్నంగా చూస్తే చాలు. ఉద్యమం నడిపిన మనిషికి అది చాలదు. ఈ సంప్రదాయంలో తప్పించుకున్నది ఝాన్సీ రాణి ఒక్కర్తె అనిపిస్తుంది. గుర్రం, కత్తి, వీపున కట్టుకున్న బిడ్డ – పేరు రాయకపోయినా అయిదేళ్ళ పిల్ల చెప్పేస్తుంది. ఆవిడ ముఖం ఎలా ఉండేదో ఎంతమందికి తెలుసు? ఎవరికి కావాలి?

అచ్చు బొమ్మ స్వభావంలోనే ఒక మొండితనం ఉంది. రంగుల బొమ్మ వేసేవాడు కలుపుకుంటూ పోతాడు. చెక్కేవాడు తీసేస్తూ పోతాడు. ఉలి ఒకసారి తీసేసినదాన్ని మళ్ళీ అంటించలేం. మా వృత్తిలో అయితే "అన్‌డూ" అని ఒక దైవం ఉంది, లినో దగ్గర ఆ దైవం పలకదు. అందుచేత చెక్కేవాడు ముందే తేల్చుకోవాలి, ఈ మనిషి గురించి ఏది ఉంచాలి, ఏది పోయినా ఫరవాలేదు అని. ఆ నిర్ణయమే విమర్శ, ఆ నిర్ణయమే నివాళి. సభలో కట్టిన బొమ్మలు అచ్చయినవే గాని వాటిలో ఆ నిర్ణయం లేదు. దొరికిన ఫోటోని కంప్యూటర్లో గీతలుగా మార్చేశారు.

ఈ నిర్ణయాన్ని అందరికన్నా నిర్దాక్షిణ్యంగా తీసుకున్నది, నాకు తెలిసినంతలో, జర్మన్ చిత్రకారిణి కేథే కోల్‌విట్జ్. మన చిత్తప్రసాద్, సోమనాథ్ హోర్ లాంటివాళ్ళ మీద ఆమె ప్రభావం గురించి చాలామంది రాశారు. 1524-25లో జర్మనీలో జరిగిన రైతుల తిరుగుబాటు మీద ఆమె 1902 నుంచి 1908 దాకా ఏడు ఎచింగులు చేసింది. (ఎచింగ్ అంటే రాగి రేకు మీద గీత గీసి, ఆసిడ్‌తో ఆ గీతని తినిపించి, ఆ పల్లంలో సిరా నింపి తీసే అచ్చు.) వాటిలో అయిదోది దాడికి ఉరికే రైతుల బొమ్మ. ఆ రైతుల్ని ఉసిగొల్పుతున్నది నల్ల అన్నా అనే ఆడమనిషి, చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. కోల్‌విట్జ్ ఆమెని ఎలా చూపించిందంటే – వెనకనించి. మనకు కనిపించేది వంగిన వీపు, పైకెత్తిన రెండు చేతులు. ముఖం లేదు. ఎదురుగా జనం ఒక ప్రవాహంలా దూసుకుపోతుంటే, ఆ ప్రవాహాన్ని వదిలింది ఈ రెండు చేతులే అని తెలిసిపోతుంది. నాయకత్వం అనే మాటకి ఇంతకన్నా సూటి బొమ్మ నేను చూడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన మా ఆవిడే ముందు లేవదీసింది. "మగవాళ్ళకి ముఖాలూ విగ్రహాలూ, ఆడవాళ్ళకి వీపులా? ఇన్నాళ్ళూ చరిత్రలో కనపడనివ్వలేదు, ఇప్పుడు కళ పేరు చెప్పి మళ్ళీ కనపడకుండా చేస్తారా?" అని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కోల్‌విట్జ్ పనిలోనే దీనికి బలం దొరుకుతుంది. 1919 జనవరి 15న బెర్లిన్‌లో కార్ల్ లీబ్‌నెక్ట్‌నీ రోజా లక్సెంబర్గ్‌నీ ఒకే రోజున చంపారు. కోల్‌విట్జ్ 1920లో పూర్తిచేసిన ప్రసిద్ధమైన స్మారక ఉడ్‌కట్‌లో శవం చుట్టూ కార్మికులు తలలు వంచి నిలబడతారు. అందులో పడుకుని ఉన్నది లీబ్‌నెక్ట్ ఒక్కడే. ముఖంతో సహా అచ్చులోకి ఎక్కే అవకాశం ఎప్పుడూ ఒక పక్షానికే దొరుకుతుందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

అయినా నేను నా మాట వదులుకోను, కొంచెం సవరించుకుంటాను. ముఖం వద్దని కాదు. ముఖం ఒక్కటే చాలదని. గాంధీకి ముఖాలు వేలు, వాటితోపాటు ఆ అడుగూ ఉంది. మన నాయకురాళ్ళకి ముఖమన్నా దొరికింది, పని అసలే దొరకలేదు. కనపడకపోవడం అంటే ఇదీ. గోడ మీద పెద్ద ముఖం ఉండి, చేసిన పని ఎవరికీ తెలియకపోవడం.

ఈ విషయంలో ఆస్ట్రేలియా నాకు నేర్పినది కొంత ఉంది. 1970లలో సిడ్నీ విశ్వవిద్యాలయంలో "టిన్ షెడ్స్" అని పిలిచే రేకుల షెడ్లలో కొందరు కళాకారులు ఎర్త్‌వర్క్స్ పోస్టర్ కలెక్టివ్ పేరుతో స్క్రీన్ ప్రింట్లు తీసేవారు. పట్టుగుడ్డ బిగించిన చట్రం, రబ్బరు బద్ద, సిరా, ఆరబెట్టడానికి ఒక తాడు ఉంటే చాలు. పొద్దున మొదలుపెడితే రాత్రికి కరెంటు స్తంభాలకి అతికించవచ్చు. ఆ బృందంలో పనిచేసిన మేరీ మక్‌మేన్ 1980ల మొదట్లో చేసిన పోస్టరొకటి ఈ దేశపు అచ్చు కళలో బాగా పేరుపొందింది. అందులో ఒక ఆదివాసీ స్త్రీ నిలబడి ఉంటుంది. మీరున్నది ఆదివాసీల నేల మీద, అద్దె కట్టండి అనే అర్థంలో మాటలుంటాయి. 1972 జనవరిలో కాన్‌బెరా పార్లమెంటు ఎదుట గుడారం వేసి దానికి రాయబార కార్యాలయం అని పేరు పెట్టిన ఉద్యమం ఇది. తమ సార్వభౌమత్వాన్ని తాము ఎన్నడూ వదులుకోలేదన్నది వాళ్ళ వాదన. ఆ పోస్టర్లో స్త్రీ పిడికిలి ఎత్తలేదు, అరవడం లేదు. నిలబడింది. ఆ ఉద్యమంలో నిలబడటమే పని, ఎవరి నేల మీద అన్నదే ప్రశ్న. బొమ్మలో ముఖం స్పష్టంగా ఉంది, పనీ ఉంది. మా ఆవిడ అభ్యంతరానికి సమాధానం కోల్‌విట్జ్ దగ్గర కన్నా ఇక్కడే దొరికింది. హెచ్-వన్ దాకా వెళ్ళి రాలేక ఇటు తిరిగిన నాలాంటివాళ్ళం, ఇక్కడ ఇంటి వాయిదాలు కట్టుకుంటూ ఆ పోస్టర్ చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మనల్ని పాలించినవాళ్ళే ఇక్కడికీ వచ్చారు, మనం వాళ్ళ తరవాత వచ్చాం. ఆ లెక్క ఇంకో వ్యాసానికి వదిలేస్తాను.

ఇంకో ఉదాహరణ ఆస్ట్రేలియాకి ఉత్తరాన, డార్విన్ నుంచి గంటన్నర విమాన ప్రయాణం దూరంలో ఉన్న తూర్పు తిమోర్‌ది. 1975 నవంబరు 28న ఆ చిన్న దేశం పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది; డిసెంబరు 7న ఇండోనేషియా సైన్యం దిగింది. అక్కడి స్త్రీల ప్రజాసంఘానికి మొదటి కార్యదర్శి అయిన రోజా "ముకి" బోనపార్తెని ఆ డిసెంబరులోనే దిలీలో చంపేశారు. ఆ ఆక్రమణని ఆస్ట్రేలియా ప్రభుత్వం 1979లో చట్టబద్ధంగా గుర్తించింది కూడా. తరవాత 1999లో ప్రజాభిప్రాయ సేకరణ, 2002 మే 20న స్వాతంత్ర్యం. మధ్య ఇరవైనాలుగేళ్ళు.

తిమోర్‌లో పుట్టి, పోర్చుగల్‌లో శరణార్థి శిబిరంలో పెరిగి, 1983లో ఆస్ట్రేలియా చేరిన మరియా మదేరా ఇప్పుడు పెర్త్‌లో ఉండే చిత్రకారిణి. 2024లో వెనిస్ బియెనాలేలో తిమోర్ తొలిసారి తన పెవిలియన్ పెట్టినప్పుడు ఆ దేశం తరఫున వెళ్ళింది ఆమే. ఆక్రమణ కాలంలో దిలీలోని ఒక గదిలో గోడల మీద, మోకాళ్ళ ఎత్తున, లిప్‌స్టిక్ పెదవుల గుర్తులు మిగిలిపోయాయి. స్త్రీలని మోకరిల్లజేసి, గోడని ముద్దు పెట్టుకోమని బలవంతపెట్టి, హింసించిన గది అది. మదేరా ఆ సంగతి విని, ఏళ్ళ తరవాత వెనిస్‌లో తెల్లటి గోడల్ని తన పెదవులతో తానే అచ్చు వేసింది, తిమోర్ పాటలు పాడుకుంటూ. ఆ పనికి పెట్టిన పేరుకి అర్థం "ముద్దుపెట్టు, బయట చెప్పకు" అని.

ఇది ప్రింట్‌మేకింగేనా అని సందేహం రావచ్చు. దిమ్మ లేదు, ప్రెస్సు లేదు. నా మటుకు నాకు అచ్చమైన అచ్చు ఇదే: ఒక ఉపరితలం, దానిమీద రంగు, ఇంకో ఉపరితలం మీదికి ఒత్తిడి. తెలుగులో ముద్దూ ముద్రా పక్కపక్కన వినిపించే మాటలు కాబట్టి నాకు ఇది ఇంకా త్వరగా అర్థమయిందేమో. ముఖ్యమైన సంగతి వేరు. ఆ గదిలో స్త్రీల చేత బలవంతంగా చేయించిన పనినే మదేరా తన ఇష్టంతో, పాటతో, నిలువెత్తున మళ్ళీ చేసింది. గుర్తు అదే, దాని యజమాని మారింది. ఇక్కడ ముఖాలు లేకపోవడం వల్ల ఎవరూ మాయం కాలేదు. ఒక్కో పెదవి గుర్తు వెనక ఒక్కో మనిషి ఉందని గోడ చెబుతూనే ఉంటుంది. నాకున్న అసంతృప్తి ఒక్కటే. ముకి లాంటి నాయకురాలు ఈ గోడలోకి రాలేదు. బాధపడినవాళ్ళకి గోడ దొరికింది, సంఘం కట్టినవాళ్ళకి ఇంకా దొరకాలి. ఉద్యమాల్లో స్త్రీలని తలుచుకునేటప్పుడు కళ బాధ వైపు మొగ్గినంత తేలిగ్గా పని వైపు మొగ్గదు.

మన దగ్గర చెక్కగలవాళ్ళు లేరా అంటే, ప్రపంచంలోని గొప్ప ప్రింట్‌మేకర్లలో ఒకరు చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925-2018). శాంతినికేతన్‌లో నందలాల్ శిష్యుడు, క్విట్ ఇండియా రోజుల విద్యార్థి. తరవాత పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్-17లో, ఒకే రేకు మీద చాలా రంగుల్ని ఒకేసారి అచ్చుతీసే విస్కాసిటీ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళలో ముఖ్యుడు. నూనె ఎక్కువ కలిపిన సిరా, తక్కువ కలిపిన సిరా ఒకదాన్నొకటి తోసుకుంటాయి; మెత్తటి రోలరు రేకు పల్లాల్లోకి దిగుతుంది, గట్టి రోలరు మెట్టల మీదే పోతుంది. ఇంజనీరింగు చదివినవాడెవడైనా ఈ పద్ధతికి దండం పెడతాడు. 1968లో పారిస్ విద్యార్థుల అలజడి చూసి ఆయన చేసిన "డెమాన్‌స్ట్రేటర్స్"లో పేరు పెట్టి పిలవగలిగిన ముఖం ఒక్కటీ ఉండదు, జనం ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉంటారు. గురువు ఒక మనిషి అడుగుని పట్టుకుంటే శిష్యుడు గుంపు నిలకడని పట్టుకున్నాడు. ఆ ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీలో మన నాయకురాళ్ళు ఉండాలి.

పనిముట్లు మనకి పరాయివీ కావు. పెడనలో టేకు దిమ్మల మీద పువ్వులూ లతలూ చెక్కి బట్ట మీద అద్దకం వేసే చేతులు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ దిమ్మలు చెక్కేవాళ్ళకి ఏ గీత ఉంచాలో ఏది తీసెయ్యాలో మనం చెప్పనక్కరలేదు. వాళ్ళకి ఇవ్వవలసింది విషయం.

విషయాలకి కొదవా? 1940లలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేలో పండిన పంటని విసునూరు దేశముఖు ఎత్తుకుపోవాలని చూస్తే, సంఘం మనుషులు కాపు కాసి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. అది బ్రిటిషు వాళ్ళ మీద పోరాటం కాదు, నిజాం సంస్థానంలో దొరల మీద పోరాటం. అయినా స్వాతంత్ర్యం అన్న మాటకి ఆమె దృష్టిలో అర్థం ఆ ధాన్యమే అయి ఉంటుంది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. బాగుంది. కానీ బొమ్మ వేసేవాడు ఆమెని ఒంటరిగా, కొడవలితో, విగ్రహంలా నిలబెట్టకుండా, నెత్తిన మోపులతో చీకట్లో నడిచే వరసలో మొదటి మనిషిగా చూపిస్తే? ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ సహాయ నిరాకరణ రోజుల్లోనే జైలుకెళ్ళింది; క్షమాపణ రాసిస్తే వదిలేస్తామంటే ససేమిరా అందని చెబుతారు. అది చెక్కడం ఐలమ్మ వరసని చెక్కినంత తేలిక కాదు. సంతకం లేని ఖాళీ కాగితాన్ని ఎలా అచ్చు వేస్తారో నాకూ చూడాలని ఉంది.

ఆ పిల్లవాడు అడిగిన దుర్గాబాయి సంగతికి వస్తాను. 1923 చివర కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వలంటీరు ఆమె, పద్నాలుగేళ్ళ పిల్ల. టికెట్టు లేనివాళ్ళని లోపలికి పంపవద్దని చెప్పారు. వచ్చిన మనిషి జవహర్‌లాల్ నెహ్రూ. టికెట్టు లేదు. పంపలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి టికెట్టు కొనిచ్చాక పంపింది. ఆ తరవాత ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళడం, ఆంధ్ర మహిళా సభ పెట్టడం, రాజ్యాంగ సభలో కూర్చోవడం అన్నీ ఉన్నాయి గాని, నన్ను అడిగితే ఒక్క దిమ్మ మీద చెక్కడానికి ఈ గుమ్మం చాలు. రెండు ఆకారాలు. ఒకటి పొడుగ్గా, తెలిసిన మనిషిది. ఇంకొకటి పొట్టిగా, రెండు జడలతో, చెయ్యి అడ్డం పెట్టి. నెహ్రూ ముఖం అక్కరలేదు, టోపీ చాలు. పిల్ల ముఖం కావాలి. ఆ ముఖంలో భయం ఉందో లేదో చెక్కేవాడు తేల్చుకోవాలి. అచ్చులో ఎడమ కుడి అవుతుంది కాబట్టి, కాగితం మీద ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టాలంటే దిమ్మ మీద ఎడమచెయ్యి చెక్కాలి.